కుండలో సున్నం

బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.
జిగణిలో ఎక్కిన ఆడవాళ్ళు
ఒక్కసారి గాలి పీల్చి, ముక్కు మీద కొంగు లాక్కుని
నిలబడటానికే ఇష్టపడతారు.
కొత్త కండక్టరమ్మ జీరో టికెట్టు చింపి ఇస్తూ
చెవి దగ్గరికి వంగింది:
"కుడిదిద్దీరా?"

రాత్రంతా నేను కాపలా కాసింది
ఆరు ఉక్కు బానలకి.
సాయంత్రం బషీర్ లారీ వస్తుంది
చిప్స్ ఫ్యాక్టరీ నుంచి.
ఉర్లగడ్డ తొక్కలు, మచ్చపడ్డ ముక్కలు,
పొట్లంలోకి పనికిరాని వంకర గడ్డలు.
అరగంట ఆలస్యమైతే
లారీ కంటే ముందు ముసురు దిగుతుంది.
కుళ్ళడానికీ పులియడానికీ మధ్య
ఉన్నది ఒక్క మూతేనని
ఈ పనిలో చేరాకే తెలిసింది.
తెరిచి పెడితే వీధంతా తిడుతుంది.
బిగిస్తే, లోపల తీపి
నిదానంగా మనసు మార్చుకుంటుంది.

నిన్న రాత్రి ఐదో బాన మాట్లాడలేదు.
గొట్టం చివర నీళ్ళ సీసాలో
ఆ వేళకి బుడగలు
వానాకాలం కప్పల్లా గోల చెయ్యాలి.
ఒక్కటీ లేదు.
సిద్ధగంగయ్య ఉక్కుకి చెవి ఆనించి
కళ్ళు మూసుకుని విని
తల అడ్డంగా ఊపాడు.
ఇంజినీరు సారు ఫోన్లో, వేడెంత? అన్నాడు.
ముప్పై రెండు.
ఈస్టు పాతదా?
పొద్దున విప్పిన పొట్లమే సార్.
అయితే పారబోసేయండి, అన్నాడు
నిద్ర గొంతుతో.

పారబోసినదాన్నే కదా తెచ్చుకున్నాం,
రెండోసారి ఎక్కడ పారబోయాలి?

కొంచెం తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దాను.
జారింది, సబ్బులా.
ఆ జారుడు నాకు తెలుసు.

మా తాత ఈడిగ చౌడప్ప
హిందూపురం అవతల ఈతవనంలో
నడుముకి మోకు చుట్టి ఎక్కేవాడు.
కొన్ని కుండల లోపల సున్నం పూసేవాడు,
కొన్నింటికి లేదు.
సున్నం కుండ పిల్లలకి, ఎంతసేపున్నా తియ్యగానే.
పూయని కుండ
తెల్లారేలోపు తనంతట తానే బుసకొట్టేది.
"సున్నం ఉన్న ఇంట్లో పులుపు కాపురం చెయ్యదు పాపా."
ఆయన రసాయనశాస్త్రమంతా అంతే.
ఒకరోజు ఎక్సైజోళ్ళు వచ్చి కుండలు పగలగొట్టారు.
మోకు అటకెక్కింది,
తాత మళ్ళీ ఏ చెట్టూ ఎక్కలేదు.

బషీర్‌ని లారీలోంచి లేపాను.
ఆవలింత మధ్యలో చెప్పాడు,
ఫ్యాక్టరీలో తొక్క తీసే మిషను చెడిందంట,
నిన్న గడ్డల్ని కాస్టిక్ నీళ్ళలో ముంచి
తోలు ఊడదీశారంట.
అదీ సంగతి.
ఎవరో మా కుండలో సున్నం పూశారు.

ఆమ్లం కొద్దికొద్దిగా పోసి, కలిపి, ఆగి,
మళ్ళీ పోసి.
కాగితం నీలం వదిలింది, ఆకుపచ్చ వదిలింది,
పసుపులో మొండికేసి
చివరికి నారింజకి దిగింది.
కొత్త ఈస్టు స్టోరులో ఉంది, తాళం సారు దగ్గరుంది.
నాలుగో బాన మంచి పొంగు మీదుంది,
దాన్నడిగి రెండు బకెట్లు తెచ్చి పోశాం.
పాలకైతే దీన్ని తోడు అంటాం.
కంపెనీ పుస్తకంలో ఏమంటారో చూడలేదు.
నేను తోడే అన్నాను.

నాలుగూ పది.
ఒక బుడగ.
చాలాసేపు అదొక్కటే.
సిద్ధగంగయ్య సంతోషంలో బీడీ తీసి,
తానెక్కడున్నాడో గుర్తొచ్చి,
చెవి మీద పెట్టుకున్నాడు.
ఇంకోటి.
తర్వాత లెక్క తప్పిపోయింది.

రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంది.
సున్నం అని రాసి
కొట్టేసి
కాస్టిక్ అని రాశాను.
కొట్టేసింది కూడా చదవొచ్చు, అంత గట్టిగా కొట్టలేదు.

గొట్టిగెరె సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది.
చుట్టూ వందల బండ్లు గుర్రుమంటున్నాయి,
ఏ ట్యాంకులో ఎన్ని తొక్కలున్నాయో
వాటికీ తెలియదు.
కండక్టరమ్మ ఇంకా నా మొహమే చూస్తోంది.
నాకొచ్చిన కన్నడం అప్పటికే నిద్రపోయింది,
తెలుగులోనే చెప్పాను:
"తాగింది నేను కాదక్కా,
ఉర్లగడ్డలు."