రెండో ప్లాట్‌ఫారం, నిడదవోలు

కంపెనీ పసుపు చొక్కా చీర మీదే తొడుక్కుంది నూకరత్నం.
"నవ్వుతూ పలకరించండి" అని కాగితం అంటించి పోయారు.
చిల్లర లెక్కపెట్టేటప్పుడు నవ్వెలా వస్తుంది?

భీమవరంలోనూ ఇదే కొట్టు, సామర్లకోటలోనూ ఇదే.
అదే అర, అదే ఎత్తు, అవే గాలి ప్యాకెట్లు.
పూతరేకులు పెడతానంటే
జాబితాలో లేవన్నారు.

పేపర్లు నాలుగే.
మూడు పోతాయి.
నాలుగోది నర్సాపురం పాసింజర్ కళ్ళజోడాయనది.
గళ్లనుడికట్టు మీద మడత పడితే ఒప్పుకోడు.

పదకొండు రోజులైంది.
రాత్రి మెషిన్ అడుగుతుంది, మిగిలినవి ఎన్నని.
సున్నా కొట్టి
కొంగుముడి విప్పుతుంది.

కౌంటర్ కింద పదకొండు పేపర్లు,
కాలవగాలికి మెత్తబడి.

నిన్న పైదాంట్లో
అడ్డం మూడు తనే నింపింది,
పెన్సిల్‌తో.
వస్తే చెరిపేయొచ్చు.