ఒకటో దెబ్బ

గుంతకల్లులో మైకుసెట్లు అద్దెకిచ్చేవాణ్ణి నేను.
చావుకూ పెండ్లికీ ఎలక్షనుకూ అదే యాంప్లిఫయరు.
నా లెక్కల పుస్తకం నూట పదకొండో పేజీలో
ఒక బ్యాండు పుట్టిన తేదీ ఉంది.
దాని కింద: రెండు బాక్సులు, ఒక మైకు,
నాలుగు వందలు బాకీ.

అంతా ఒక క్యాసెట్టు చేసిన పని.
రిటైరైన గార్డు డెస్మండు దొర పోయినాక
పాత సామాన్ల అంగట్లో తేలిన ట్రంకుపెట్టె అడుగున దొరికింది.
పేరున్న కాగితం చెదలు తినేసినాయి.
అమెరికాలో ఏ మూలో నలుగురు పిల్లోళ్లు
కంపెనీ గడప తొక్కకుండా కారు షెడ్డులో పాడుకొని
వాళ్లే ఊరూరా తిప్పి అమ్ముకున్నారంట.
అట్ట మీద మిగిలిన రెండు వాక్యాలు చదివి
ఐరీన్ చెప్పింది, రైల్వే స్కూలు పాటల టీచరు.

డీజిల్ షెడ్డు ఫిట్టరు నబీరసూల్ కండ్లు మూసుకొని విన్నాడు.
"ఇంజను నిలబడే గురక పెడతాంది గదన్నా" అన్నాడు.
కుళ్లాయప్ప మాత్రం టేపు తెగిందనుకున్నాడు:
"ఒకటో దెబ్బ యాడికి పాయ?"

వాళ్ల నాయన ఉరుము వాయిస్తాడు.
ఒకటో దెబ్బ మీద కాలు మోపి పెరిగిన ఇల్లది.
వదిలెయ్ రా అంటే చెయ్యి వినదు.
మూతబడిన జిన్నింగు మిల్లులో, పత్తి దుమ్ములో,
మూడు నెలలు.
ఒక మధ్యాన్నం
మోడం కమ్మితే మొగమెత్తి నిలబడినప్పుడు
చినుకు పడని ఆ గడియ మాదిరి
ఒకటో దెబ్బ ఖాళీగా మిగిలింది.
చెయ్యి పోయి మూడోదాని మీద పడింది.
నబీ తలెత్తలేదు. తీగ మాత్రం వదల్లేదు.

సుంకన్న గిటారు సందుల్లోనే పలుకుతాది,
చెనక్కాయ వొలిచినట్టు, టక్కుమని, అంతే.

మొదటి పెండ్లి ఆదోనిలో.
పెండ్లికొడుకు మేనమామ వచ్చి
"నిద్దరొస్తాండాది, జోరు పెంచండప్పా" అన్నాడు.
పెంచలేదు. సగం దుడ్లే ఇచ్చినారు.

మొదటి రికార్డు నిండా సముద్రమూ పడవలూ.
పాడి ముగించినాక ఐరీన్ అడిగింది:
"సముద్రం చూసినోళ్లు చెయ్యెత్తండి."
మిల్లులో పావురాలు తప్ప ఏదీ కదల్లేదు.

రెండో రికార్డులో బోరు దిగింది.
ఎనిమిది వందల అడుగులు, నబీ బేసు మీద, మెట్టు మెట్టుగా,
దుమ్ము తప్ప ఏమీ రాని పాట.
ముసలాయన్ని పిలుచుకొచ్చినాడు కుళ్లాయప్ప.
ఆయన కూర్చోను చాప అడిగినాడు, ఒక బీడీ అడిగినాడు,
పుల్లతో తోలు మీద నిదానంగా రుద్దినాడు.
గోడలు మూలిగినాయి.
నబీ తన వాల్యూము తనే తగ్గించుకున్నాడు.

బెంగుళూరు నుంచి కంపెనీ మనిషొచ్చినాడు.
ఆ మూలుగు తీసేస్తే, కొంచెం ఉరకలేస్తే, చూస్తామన్నాడు.
ఓళిగలు పెట్టి, నెయ్యి పోసి, మర్యాదగా రైలెక్కించినాము.
పాటలు మెమొరీ కార్డుల్లో
బజ్జీల బండి మీదే అమ్ముడుపోయినాయి,
మిరపకాయ నూనె మరకలతో.

తర్వాత నబీకి హుబ్బళ్లి ట్రాన్స్‌ఫరు.
రెండేండ్లు నా పేజీలో ఏమీ లేదు.
అలిగినారో, అలిసినారో, నేనడగలేదు.
సుంకన్న సిమెంటు లారీకి క్లీనరుగా పోయినాడు.
ఐరీన్ ఒక్కతే ఆదివారం పూట వచ్చి
కీబోర్డు మీది గుడ్డ తీసి, దులిపి, మళ్లా కప్పి పోయేది.

మొన్న ఉరవకొండలో,
నలుగురూ మళ్లా ఒక తావన.
రెండో పాటకే కరెంటు పాయ.
నా బాక్సులు సచ్చినాయి.
చీకట్లో ఉరుము ఒక్కటే మూలుగుతాంది.
జనం పోలేదు. కాళ్లతో అందుకున్నారు.
వందల కాళ్లు, చెప్పులున్నవీ లేనివీ,
గోడెక్కిన పిల్లోళ్ల మడమలు గూడా,
ఆ ఒక్కచోట గాల్లోనే ఆగినాయి.
ముప్పై ఏండ్లుగా చప్పుడు అద్దెకిచ్చే నేను
వైర్లు చుట్టుకోవడం మరిచి నిలబడినాను.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచినా.
తేదీ రాసినా. ఊరు రాసినా.
ఒకటో గడి వదిలేసి
మూడో గడిలో పెన్ను పెట్టినా.