ఏడో అర లెక్క

హెబ్బాళ ఫ్లైఓవర్ మీద లారీలు పోతా ఉంటే
షెడ్డు రేకులు సన్నగా వణుకుతాయి.
లోపల పన్నెండు అరలు, అరకి ఇరవై పిల్లలు.
పదకొండో రోజు.
నిన్నటిదాకా మొక్కజొన్న నూక, పచ్చగా, ముక్కుకి అలవాటైన సైజు.
ఈ పొద్దు రాగులు కలిపిన మేత,
ఇటుకపొడి రంగుది, పళ్లేల్లో పోసినాను.

ఒక్కటీ ముట్టల్యా.

ఆకలి లేక కాదు.
రాత్రే మేత ఎత్తేసినాం, సార్ చెప్పినట్టే.
పళ్లెం చుట్టూ గుమిగూడి మెడలు చాచి
కుడికన్నుతో చూసి, మళ్లీ ఎడమకన్నుతో చూసి
సంతలో ఎద్దు పళ్లు చూసే బేరగాళ్ల మాదిరి
వెనక్కి జరిగినాయి.
ఒకటి గింజ నోట కరిచి, తల విదిలించి
ముక్కు వరిపొట్టులో తుడుచుకుంది.
తక్కిన పందొమ్మిదీ దాని మాటే నమ్మినాయి.

చన్నవీర సార్ నా చేతిలో స్టాప్‌వాచ్ పెట్టినాడు.
"మొదటిసారి ఎప్పుడు మింగుతాయో రాయి, ఓబులేసూ.
నువ్వేమీ చెయ్యకూడదు. ఊరికే చూడు."

ఊరికే చూడడం!
రాగులంటే మాకు సంగటి.
పెనుకొండలో పళ్లు రాని పిల్లోడు కూడా
నెయ్యి పూసి పెడితే మింగుతాడు.
వీటికి చెప్పేదెట్లా?

నలభై నిమిషాలు.
ఏడో అర మూలన బక్కది, రెక్క మీద నీలం చుక్కది
కళ్లు మూసుకుంటా ఉంది.
మిషన్ పొదిగిన పిల్లలు.
తల్లి రెక్క ఎరగవు, తల్లి గొంతు ఎరగవు,
బల్బు ఒకటి ఎరుగుతాయి.
అయినా నా గోరు
పళ్లెం అంచు మీద పడింది.
టక్. టక్‌టక్.

మా నాగమునెమ్మత్త పెట్టకోడి
పెంటదిబ్బలో పురుగు దొరికితే
ముక్కుతో నేల కొట్టేదే, ఆ చప్పుడు.

ఇరవై తలలూ ఒకేసారి లేచినాయి.
నీలం చుక్కది ఉరికొచ్చింది,
నా గోరు పక్కనే పొడిచింది, మింగింది.
దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి,
పళ్లెం కనపడకుండా సగం పసుపు సగం తెలుపు వీపులు.

ఎవరు నేర్పినారు వీటికి ఆ మాట?

రిజిస్టర్‌లో రాసినాను: ఏడో అర, నలభై ఒక్క నిమిషం.
తక్కిన అరలు గంటన్నర, రెండు గంటలు.
సార్ ఆ అంకె చుట్టూ ఎర్రగా సున్న చుట్టి
"ఇవి ధైర్యం ఉండే పిల్లలప్పా" అన్నాడు.
నేను నోరు మెదపల్యా.
గ్రాఫ్ కాగితం మీద ఆ చుక్క
అన్నిటికంటే కింద, ఒంటిగా ఉంది.

నలభై రెండో రోజు క్రేట్లు దిగినాయి.
పట్టేవాళ్లు లోపలికొస్తే మూలమూలకీ తొక్కిసలాట.
చేతులు జేబుల్లో పెట్టుకొని నిలబడినాను.
నీలం రంగు వెలిసిపోయినది, లావుగా, కాళ్లు ఈడ్చుకుంటా
నా కాడికే వచ్చి
చెప్పు అంచు మీద పొడిచింది.

టక్.
తలెత్తి చూసింది.