ట్రీ

మొదటి వారమంతా
బటన్ నొక్కగానే మాటలన్నీ దిగిపోయేవి,
ఆఖరి స్టాపులో సనాయ్యా బస్సు ఖాళీ అయినట్టు.
చెవుల్లో గరగర.
తర్వాత టవర్ నుంచి ఓపికగా ఒక గొంతు:
"సే అగైన్."

కెప్టెన్ ఖల్ఫాన్ కసురుకోడు.
పెన్సిల్‌తో నా మోకాలి మీది అట్టను తడతాడు.
"ఎవరిని పిలుస్తున్నావు, నువ్వెవరు, ఎక్కడున్నావు, ఏం కావాలి.
సమోసాల కొట్టు దగ్గర ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతావా?"

రాత్రుళ్లు వంటింట్లో సాధన.
గరిటె మైకు, గ్యాస్ సిలిండర్ టవర్.
సరిగ్గా ఎత్తు చెప్పే వేళకి
కుక్కర్ కూత వేసి నా మాటను తొక్కేసేది.

అంకెల పేజీ దగ్గర ఆగిపోయాను.
మూడుని త్రీ అనకూడదట, ట్రీ అనాలట.
ఐదు ఫైఫ్. తొమ్మిది నైనర్.
గరగరలో మాట చావకూడదంటే
నాలుక కాస్త మొరటుగా తిరగాలి.

ట్రీ.
నాకప్పుడు పదకొండేళ్లు.
ఏసీలు బాగుచేసే మా నాన్న ఫోన్లో రేటు చెబుతున్నాడు,
"ట్రీ హండ్రెడ్ సార్, ట్రీ హండ్రెడ్."
పక్కనుంచి దిద్దాను:
నాన్నా, ట్రీ అంటే చెట్టు.
ఆయన మళ్లీ ఆ అంకె పలకలేదు.
మూడు వేళ్లు ఎత్తి చూపించాడు,
ఫోన్లో,
కనిపించని మనిషికి.

ఇవాళ పక్క సీటు ఖాళీ.
ఖల్ఫాన్ కింద, హ్యాంగర్ నీడలో, చెవికి రేడియో ఆనించుకుని.
దుమ్ములో జబల్ హఫీత్ సగం చెరిగిపోయింది.
ఎడమ నుంచి గాలి.
మొండి గాడిదలా విమానం
రన్‌వే వైపు మూతి తిప్పనంటోంది.
ఎడమ రెక్క వంచాను, కుడి కాలు బిగించాను.
"విండ్ ట్రీ ట్రీ జీరో, వన్ ట్రీ నాట్స్," టవర్ అంది.
బటన్ నొక్కాను.
"క్లియర్డ్ టు ల్యాండ్, రన్‌వే జీరో వన్,
షాహీన్ ట్రీ ట్రీ."
అచ్చం సనాయ్యాలో పలికినట్టే.
ఎవరూ దిద్దలేదు.

ముందు ఎడమ చక్రం. తర్వాత కుడిది.
చిన్న గెంతు, సిగ్గు.
ఆఖర్న ముక్కు.
మళ్లీ ఎగిరాను. మళ్లీ.

సాయంత్రం ఏదో బిల్డింగు డాబా మీంచి నాన్న ఫోన్.
"ఎన్నిసార్లు దింపినవ్ బిడ్డా?"
"ట్రీ."
అవతల ఏ చప్పుడూ లేదు.
ఎక్కడో కంప్రెసర్ ఒకటి దగ్గి, అందుకుంది.
"మల్లోపాలి చెప్పు," అన్నాడు.