గరుకు

టెషీలో, సముద్రం వైపు తెరుచుకున్న కొట్టంలో
చనిపోయినవాళ్ళకు పెట్టెలు చేస్తాం మేం.
జాలరికి చేప, డ్రైవరుకు లారీ,
ఉల్లిపాయలమ్మి ఇల్లు కట్టినావిడకు ఉల్లిపాయ.
మిస్ అడోకార్లీకి పుస్తకం.

నాలుగు రోజులు వావా చెక్కను బాడిసతో చెక్కాం.
ఐదో రోజు ఆవిడ కూతురొచ్చి చీటీ ఇచ్చింది,
పుస్తకం వీపు మీద ఈ మాట రాయాలట.
మా మేస్త్రీ అటా ఆన్యెటే
దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నాకిచ్చాడు.
మూడో తరగతి దాకా వెళ్ళినవాణ్ణి,
కొట్టానికంతటికీ నేనే పండితుణ్ణి.

ఈ, ఆర్, యూ, డీ, ఐ, టీ, ఈ.
సుద్దముక్కతో నేల మీద పదిసార్లు రాసుకున్నాను.
పలకబోతే చేపముల్లులా అడ్డం తిరిగింది.
"ఎరుడైట్," అంది కూతురు మెల్లగా.
"బాగా చదువుకున్న మనిషి.
అమ్మకు లాటిన్ కూడా వచ్చు, తనే చెప్పేది,
ఈ మాట లోపల రూడ్ కూర్చుని ఉందట.
ముందున్న ఈ దాన్ని బయటికి గెంటుతుందట.
గరుకంతా పోయేదాకా
చిత్రిక పట్టిన మనిషి అని."

రూడ్.
ఆ మాట నాకు తెలుసు.
మూడో తరగతిలో నా పేరదే.
రూడ్ బాయ్, లే. రూడ్ బాయ్, బయట నిలబడు.
ఆ బయట నుంచే ఇటు నడిచొచ్చేశాను,
వీపు మీద స్కేలు వాత చల్లారకముందే.
కూతురికి ఈ సంగతి చెప్పలేదు.
రంగు ఖరీదు గురించి మాట్లాడుకున్నాం.

రాత్రి లాంతరు కింద అరవై నంబరు గరుకు కాగితం,
తర్వాత నూట ఇరవై, తర్వాత రెండు వందల నలభై.
చెంప ఆనించి చూశాను. నున్నన.
ఒక్క పీచు లేవలేదు.
అయినా ఏదో గీరుకుంటోంది.
చూస్తే నా అరచేయి.

లోపల, తెల్ల శాటిను కింద, తల ఆనే చోట
జానెడు మేర చిత్రిక పట్టకుండా వదిలేశాను.
కోపమా అంటే, ఏమో.
అంత దూరం ఒంటరిగా పోతుంది కదా,
తెలిసినవాడొకడు పక్కనుంటే మంచిదనిపించింది.

శనివారం మోసేవాళ్ళు పుస్తకాన్ని
భుజాల మీద ఎగరేసి ఆడించారు.
వానగాలికి నీలం రంగు ఇంకా ఆరలేదు.
ముందున్నవాడి చెంపకు మొదటి అక్షరం అంటుకుపోయింది.
మిగతా మాట బాకాల వెంట మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాడు మా కొట్టం ముందే కూర్చుని
ఆ నీలపు ఈ చెంప మీద ఉండగానే
కెంకీ, వేపిన చేపా తిన్నాడు.
నేను చెప్పలేదు.