ఖాళీలూ లెక్కే

ఐదువేల మూడువందల అక్షరాలు.
మధ్యనున్న ఖాళీలూ లెక్కేనట.
నువ్వు డాక్టరెందుకు కావాలనుకుంటున్నావో
అంతలోనే చెప్పాలి,
చుక్క ఒలకకుండా.

మే నెల, న్యూ బెడ్‌ఫర్డ్.
రేవు మీంచి డీజిలు వాసన, ఆల్చిప్పల వాసన.
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమ్మ
నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటోంది.
నేను వంటింటి బల్ల మీద
నా ఇరవై రెండేళ్ళూ కుప్ప పోసి
ఏది అమ్ముడుపోతుందా అని ఏరుతున్నాను.

తాతయ్య చావు ఉంది.
అది అందరి దగ్గరా ఉంది.
"ఒడీలియా, ఈ ఏడు నా బల్ల మీద
ఇప్పటికే పదకొండుమంది తాతలు పోయారు,"
అంది కాలేజీలో సలహాలిచ్చే ప్రూడెన్ మేడం.

ఎనిమిదో క్లాసులో విరిగిన మణికట్టు ఉంది.
ఎక్స్‌రేలో నా ఎముక చూసి మురిసిపోయానని రాయొచ్చు.
నిజానికి ఐస్‌క్రీం కావాలని ఏడ్చాను.
గ్వాటెమాలాలో రెండు వారాల సేవ
నా దగ్గర లేదు.
వేసవులన్నీ గంటకింతని ఎప్పుడో అమ్మేశాను.

ఇక నీలియో ఉన్నాడు.
మా అన్న.

బాత్రూం తలుపు, నీలం పెదాలు,
ముక్కులో నేను కొట్టిన మందు,
అంబులెన్సు వచ్చేదాకా లెక్కపెట్టిన ఊపిరులు.
మొదటి వాక్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.
మేడం పెన్ను కింద పెట్టేసింది.
"ఇదే," అంది మెల్లగా, "ఇదే నీ వ్యాసం."
ఆమె కళ్ళు నిజంగానే తడిశాయి.
బస్సెక్కేదాకా నాకు సిగ్గు వేయలేదు.

వాణ్ణి అడిగాను.
రేవులో కూర్చుని ఇనుప రింగుల వల అతుకుతున్నాడు.
"రాసుకో, నాకేం," అన్నాడు.
పద్నాలుగు నెలలుగా మత్తు ముట్టని చేతులు
ఒకే రింగుని మూడుసార్లు బిగించాయి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందంటారు.
ఇక్కడ చించేది నా కడుపు కూడా కాదు.
నాకు తెల్లకోటు కుట్టిపెట్టడానికా
వాడు ఆ రాత్రి నేల మీద పడింది?

చెరిపేశాను.
పది రోజులు తెల్ల తెర, ఆడే కర్సరు.

నైటు డ్యూటీ. వృద్ధుల హోం, పన్నెండో గది.
ఆల్మీ గారికి చెవుడు.
మూడు నెలలు అరిచాను:
మాత్రలు! దుప్పటి! నొప్పి ఎక్కడ!
చార్టులో "సహకరించడు" అని ఉంది.
దాని కింద నేనూ అదే రాశాను, సంతకం పెట్టి మరీ.
ఒక రాత్రి గదిలో బల్బు పోయింది.
థర్మామీటరు అంకెలు కనపడాలని,
నా కోసమే,
టేబుల్ లాంపు నా వైపు జరుపుకున్నాను.
వెలుగు నా మొహాన పడింది.
ఆయన నా పెదాల వంక చూశాడు.
చూసి, జవాబు చెప్పాడు.
ఎడమ మడమ అని. మంగళవారం నుంచీ అని.

అంతే. ఎవరూ చావలేదు,
నేనెవర్నీ బతికించలేదు.
ఒక దీపం జరిగింది, అదీ పొరపాటున.
"మరీ చిన్నది," అంటుంది మేడం,
"పైగా ఇందులో తప్పు నీదే," అంటుంది.
అవును, నాదే.
ఆ కుప్పలో అచ్చంగా నాదన్నది అదొక్కటే దొరికింది.

రాశాను.
పేరాకీ పేరాకీ మధ్య నీలియోని కూర్చోబెట్టాను.
ఎవరికీ కనపడడు.
ఖాళీలూ లెక్కేనన్నారుగా.

పంపేముందు ఆల్మీ గారి దగ్గరికి తీసుకెళ్ళాను.
లాంపు సర్దుకుని, మొహానికి వెలుగు పట్టుకుని,
నెమ్మదిగా చదివాను.
చివరిదాకా చూశాడు నా పెదాల్ని.
"కుడి మడమ," అన్నాడు.

దిద్దాను.
ఇంగ్లీషులో కుడికి ఒక అక్షరం ఎక్కువ,
హద్దు దాటింది.
ఖాళీల జోలికి పోలేదు.
ఓర్పు ముందున్న "ఎంతో" కొట్టేశాను.