రసీదులు

మా ల్యాబులో రూలు:
ప్రతి ఆకుకూ ఒక తేదీ ఉండాలి,
కొన్న చోటు ఉండాలి.
అందుకే మూడేళ్లుగా
బేగంబజార్ ఇస్తారి రాసిచ్చిన రసీదులు
నోటుబుక్కులో జిగురుపెట్టి అంటిస్తున్నాను.
సరస్వతి ఆకు, ఎండినది, అర కిలో.
నీరుబ్రాహ్మి, పావు.
దూలగొండి గింజలు, నల్లవి, ఒక కిలో.

తార్నాకలో కిటికీ అవతల మెట్రో వెళ్తే
గాజు పెట్టెలోని త్రాసు
నాలుగో దశాంశం దగ్గర ఉలిక్కిపడుతుంది.
ఊపిరి బిగబట్టి తూస్తాను.
ఇస్తారి తరాజు అట్లా కాదు,
ఎప్పుడూ కొనేవాళ్ల వైపే మొగ్గు.
"కొసరు లేకుంటే మందు పనిజెయ్యదు బిడ్డా."
కొసరు నా లెక్కల్లో పట్టదు.

ఆకు మన కోసం చేదెక్కలేదు.
పురుగు కొరికిన రోజు, ఎండ కాల్చిన రోజు
తన బాధకు తాను చేసుకున్న మందు అది.
మన కణంలోకి వచ్చేసరికి కొంచెం విషం,
తలుపు మీద చిన్న దెబ్బ.
ఆ దెబ్బకే కాపలావాడి పట్టు సడలుతుంది.
పొద్దస్తమానం వాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిన ప్రోటీను
లేచి కేంద్రకంలోకి పరుగెత్తి
మూతపడిన జన్యువుల షట్టర్లు ఎత్తుతుంది.
తుప్పు గీకే ఎంజైములు పనిలోకి దిగుతాయి.

నా ప్లేటులో తొంభై ఆరు గుంటలు.
విషం పోసిన వరుసలో కణాలు కొమ్మలు ముడుచుకుని
గుండ్రంగా ఊడిపోయి తేలుతాయి.
ఆకు సారం ముందే తాగిన వరుసలో
కొన్ని, అన్నీ కాదు,
ఇంకా పక్కవాటి వైపు చేతులు చాచి ఉంటాయి.
ఆ కొన్నింటి కోసమే ఈ మూడేళ్లు.

మొన్న ఆదివారం
థీసిస్ కోసం రసీదులు స్కాను చేస్తూ
మొదటిసారి అన్నీ వరుసగా చూశాను.
మొదటి ఏడు అక్షరాలు గుమ్మడికాయలు,
దీర్ఘం తీస్తే పక్క గడిలోకి పోయేది.
తర్వాతి ఏడు శనగలు.
ఆ తర్వాత ఆవాలు.
ఈ ఆషాఢం రసీదులో దూలగొండి మొదలు కనిపిస్తోంది,
చివరి అక్షరం
గసగసాల్లో కలిసిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది,
పోయిన నెల వస డబ్బా మూత తీసి
"వాసనే లేదీ సరుకుకు" అని ఎవరినో తిట్టాడు.
నాకు కళ్లు తిరిగేంత ఘాటు.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి గబగబా నడిచాను.
ఆ గల్లీ కింద రైలేమీ లేదు,
తరాజు ముల్లు వణుకుతోంది.

చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తులేదు.
బస్తా వైపు చాలాసేపు చూశాడు.
"అయితే మందు నా కాడనే ఉందంటవ్.
ఇన్నేండ్లు దురద అనుకుంట అమ్మిన."
ఉంది, అన్నాను. కానీ గింజ గింజకూ మారుతుంది.
గుప్పెడు మింగొద్దు. నిమ్స్‌కు పోయి
డాక్టరుకు చెయ్యి చూపించాలి.

ఇంకా కొన్ని చెప్పలేదు.
నా ప్లేటులో పేగు లేదు, కాలేయం లేదు,
మెదడు గుమ్మంలో అడ్డుపడే గోడ లేదు,
అరవై రెండేళ్ల ఇస్తారి లేడు.
చెయ్యి వణికి మనకు తెలిసేసరికి
మెదడులో ఆ నల్లమట్టి చెలకలో
సగం పంట ఎండిపోయి ఉంటుందని
అస్సలు చెప్పలేదు.

నవ్వాడు. నవ్వు ముఖమంతా పాకలేదు,
అదీ చూశాను, చూడకుండా ఉండాల్సింది.
కిలో తూచాడు.
ఎడమ చేత్తో కొసరు వేశాడు.
రసీదు పుస్తకం, పెన్ను నా వైపు తోసి
"నువ్వే రాయి. జర పెద్దగ రాయి."

రాశాను.
దూలగొండి గింజలు, నల్లవి, ఒక కిలో.
పెన్ను మూత పెట్టబోయి ఆగి
కింద ఇంకో వరుస:
కొసరు, ఏడు గింజలు.